ఎలుగుబంట్లు లేని దేశంలో

ముందే చెప్పేస్తున్నాను, నేను దెయ్యాలనీ గాలీధూళినీ నమ్మే మనిషిని కాదు. ఇంగ్లండ్‌లో, షెఫీల్డ్ అనే ఊళ్లో ఒక ఆసుపత్రిలో మత్తు డాక్టర్ని. ఆపరేషన్‌కి ముందు మనుషుల్ని నిద్రపుచ్చడం, అయ్యాక పేరు పెట్టి పిలిచి లేపడం నా ఉద్యోగం. నైట్ డ్యూటీలో నర్సులు చెప్పుకునే కథలు విని వాళ్ల ముందే పకపకా నవ్వినదాన్ని. ఇది చదివి మీరు నన్ను చూసి నవ్వినా నాకేం కోపం రాదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పెళ్లయిన పదకొండేళ్లదాకా నేను మా ఆయన్ని ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. మాది కాకినాడ. మొగుడి పేరు నోటితో అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మమ్మ చెప్పేది. నాకు ఆ నమ్మకం లేదు కానీ, అలవాటు మాత్రం పోలేదు. మా ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్‌లో రిసెప్షన్ అమ్మాయి మీవారి పేరేంటని అడిగితే ఫోన్‌లో చూపించేదాన్ని. ఇక్కడి తెలుగు స్నేహితులందరికీ నేనొక జోకు. ఇంట్లో, షాపుల్లో, ఎయిర్‌పోర్టులో, ఎక్కడైనా నాకు వచ్చింది ఒకటే, "ఏవండీ".

మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. చిన్నప్పుడు కాలవ గట్టు మీద గాలం వేసిన మనిషి, ఇక్కడికొచ్చాక ఫ్లై ఫిషింగ్ పిచ్చి పట్టింది. ఎరకి బదులు ఈకలతో ఈగలాంటిది కట్టి, నడుంలోతు నీళ్లలో నిలబడి గాలం విసరడం అన్నమాట. పట్టిన చేపని మళ్లీ ఏట్లోనే వదిలేయాలి. పులుసుకి పనికిరాని చేప కోసం అంత తిప్పలెందుకని నేను ఏడిపిస్తూ ఉండేదాన్ని.

పదో పెళ్లిరోజుకి కెనడా వెళ్లాలనుకున్నాం. అడవిలో కాటేజీ, పొద్దున చేపలు, సాయంత్రం ఎలుగుబంట్లని చూడటం. ఆయన ఆరు నెలల ముందునుంచే వీడియోలు చూపించాడు. ఎలుగుబంటి ఎలా లేస్తుందో, ఎలా వాసన పడుతుందో నాకు కంఠతా వచ్చేసింది. తీరా వెళ్లే వారం ముందు మా ఆసుపత్రిలో డ్యూటీల పట్టిక మారి నా సెలవు పోయింది. ఆయనే నవ్వుతూ టికెట్లు క్యాన్సిల్ చేశాడు. అందుకే నాకు ఇంకా బాధేసింది.

మరుసటి ఏడు దానికి బదులుగా స్కాట్లాండ్‌కి నేనే బుక్ చేశాను. కొండల మధ్య ఒక ఏరు, ఒక కాటేజీ, చేపలు పట్టించడానికి ఇయన్ అనే గైడు. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. ఎలుగుబంట్లు ఉంటాయా అని మా ఆయన సరదాకి అడిగితే, ఈ దేశంలో అవి అంతరించిపోయి వెయ్యేళ్లు దాటిందన్నాడు.

రెండో రోజు మధ్యాహ్నం జరిగింది ఇది. ఎండ బాగా కాస్తోంది. పొగమంచు లేదు, చీకటి లేదు. మేం తాగింది కూడా టీయే.

ఏటి మధ్యలో ఒక పెద్ద తెల్లరాయి ఉంది. దాన్ని దాటి అడుగు వేయొద్దని ఇయన్ రెండుసార్లు చెప్పాడు. అక్కడినుంచి నేల ఒక్కసారిగా లోతుకి దిగిపోతుందట. ఛాతీదాకా రబ్బరు బట్టలు వేసుకుని ఉంటారు కదా, అందులోకి నీళ్లు దిగితే ఈత వచ్చినా పైకి తేలడం కష్టం. మా ఆయనకి ఈత వచ్చు. నాకు రాదు.

ఇయన్ ఇంకో గాలం తేవడానికి కారు దగ్గరికి వెళ్లాడు. నేను ఒడ్డున మడత కుర్చీలో కూర్చున్నాను. అత్తయ్యకి పంపిద్దామని ఫోన్‌ని ఫ్లాస్కుకి ఆనించి వీడియో పెట్టాను. ఒళ్లో ఇంటినుంచి తెచ్చుకున్న జంతికల డబ్బా. చేతిలో బైనాక్యులర్స్.

అవతలి ఒడ్డున, చెట్ల మొదట్లో, గోధుమరంగుది ఏదో కదిలింది. అక్కడి ఆవులకి ఒళ్లంతా జుట్టు ఉంటుంది. ఆవే అనుకున్నాను. బైనాక్యులర్స్ పెట్టి చూశాను. అది వెనక కాళ్ల మీద లేచి నిలబడింది.

నేను వర్ణించను. ఎలుగుబంటి అది. మూతి, భుజాలు, ముందుకి వేలాడుతున్న చేతులు. వీడియోలు చూసీ చూసీ నా బుర్రే దాన్ని కల్పించిందేమోనని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటాను. కానీ నన్ను వణికించింది అది కాదు.

మా ఆయన తలెత్తి సరిగ్గా దానివైపే చూశాడు. చూసి నవ్వాడు. గాలం పట్టుకున్న చెయ్యి పైకెత్తి ఊపి, అటువైపు నడవడం మొదలుపెట్టాడు.

"ఏవండీ!" అని అరిచాను. ఆయన తిరగలేదు. మళ్లీ అరిచాను. అప్పుడు అవతలి ఒడ్డుకేసి తలూపి, గట్టిగా, మా ఇంట్లో మేడమీంచి అన్నట్టే, "వస్తున్నానే, ఉండు!" అన్నాడు.

కుర్చీలోంచి లేచి నీళ్ల అంచుకి పరుగెత్తాను. ఇంకో రెండుసార్లు పిలిచాను. పిలిచిన ప్రతిసారీ ఆయన ఇంకాస్త హుషారుగా అటే వెళుతున్నాడు. తెల్లరాయి దాటాడు. నీళ్లు ఛాతీదాకా వచ్చాయి. అది కదలకుండా నిలబడి ఉంది.

అప్పుడు నేను ఏమీ ఆలోచించలేదు. ఆలోచిస్తే ఆ మాట వచ్చేది కాదేమో. ఆపరేషన్ అయ్యాక కళ్లు తెరవని పేషెంట్‌ని ఎలా పిలుస్తానో, అదే గొంతుతో, అవే మాటలు వచ్చాయి.

"శ్రీధర్! శ్రీధర్! ఓపెన్ యువర్ ఐస్!"

ఆయన ఆగిపోయాడు. మెల్లగా ఇటు తిరిగాడు. మత్తు వదులుతున్నప్పుడు మనుషుల మొహం ఎలా ఉంటుందో నేను రోజూ చూస్తాను. అచ్చం అలాగే ఉంది. నన్ను చూసి, చుట్టూ ఉన్న నీళ్లు చూసుకుని, నోరు తెరిచాడు. గాలం చేతిలోంచి జారి కొట్టుకుపోయింది. నేను షూస్‌తోనే మోకాళ్లదాకా దిగి, ఆయన తెల్లరాయి పట్టుకునేదాకా పేరు పిలుస్తూనే ఉన్నాను. ఆయన ఒడ్డెక్కాక తలెత్తి చూస్తే అవతల చెట్లు మాత్రమే ఉన్నాయి.

గడ్డిమీద కూర్చుని ఆయన అన్న మొదటి మాట, "నువ్వు అట్నుంచి ఎప్పుడొచ్చేవే?"

ఆయన చెప్పింది ఇదీ. అవతలి ఒడ్డున నేను నిలబడి ఉన్నానట. మెరూన్ స్వెటర్ వేసుకుని. ఇటు రండి, ఇక్కడ లోతు లేదు అని పిలిచానట. వెనకనుంచి ఎవరో పేరు పెట్టి పిలిచేసరికి ఆఫీసువాళ్లెవరో అనుకుని తిరిగాడట. నేను చలిగాలికని వేసుకున్నది పసుపు రెయిన్‌కోటు. మెరూన్ స్వెటర్ షెఫీల్డ్‌లో మా హాల్లో రేడియేటర్ మీద ఆరేసి ఉంది.

ఆయనకి ఎలుగుబంటి కనబడనేలేదు.

ఇయన్ వచ్చాక అంతా చెప్పాం. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఎక్కడ నిలబడిందో మాత్రం అడిగాడు. దిగువన ఉన్న కాలివంతెన మీదుగా మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లాడు. బురదలో జింక గిట్టల గుర్తులు ఉన్నాయి, వేరే అడుగులు ఏమీ లేవు. మనిషివీ లేవు, దేనివీ లేవు. మేం ఆ సాయంత్రమే బయల్దేరి వచ్చేశాం.

ఇక్కడితో అయిపోతే అలసటనో, ఎండదెబ్బనో సర్దిచెప్పుకునేదాన్ని. డాక్టర్ని, నాకు అలాంటి మాటలు చాలా వచ్చు. కానీ వీడియో ఉంది.

అందులో అవతలి ఒడ్డు పడలేదు. ఏరూ, నీళ్లలో మా ఆయనా, అంతే. నేను నాలుగుసార్లు "ఏవండీ" అని పిలిచాను. నాకు బాగా గుర్తు. వీడియోలో ఏడుసార్లు వినిపిస్తుంది. ఏడూ నా గొంతే. కొండల్లో ప్రతిధ్వని అని మా ఆయన అన్నాడు. ప్రతిధ్వని పిలిచాక కదా రావాలి. ఆ మూడూ మొదట్లోనే ఉన్నాయి, నేను మొదటిసారి అరవక ముందే. సరిగ్గా అప్పుడే, ఫోన్‌కి దగ్గరగా, నేను జంతిక కరకరా నములుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది.

నోట్లో జంతిక పెట్టుకుని నేను అలా పిలవలేను. ఇంట్లో ప్రయత్నించి చూశాను కూడా. సగంలో ఏడుపొచ్చేసింది.

ఆ రోజునుంచి ఆయన్ని పేరు పెట్టే పిలుస్తున్నాను. వేసవిలో అత్తయ్య వచ్చి ఉన్నప్పుడు నా నోట ఆ పేరు విని ఆవిడ మొహం మాడ్చుకుంది. "అలాగే పిలవనీ అమ్మా," అన్నాడు ఆయన. కారణం ఆవిడకి చెప్పలేదు. ఏమని చెప్తాం?

పోయిన ఆదివారం పప్పు పోపు పెడుతూ, పరధ్యానంలో, పాత అలవాటు కొద్దీ మెట్ల కిందినుంచి "ఏవండీ, అన్నానికి రండి" అన్నాను. ఎంతకీ దిగి రాలేదు. స్టవ్ ఆపి పైకి వెళ్లాను. ఆయన మంచం అంచుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నా అడుగుల చప్పుడు విన్నా కళ్లు తెరవలేదు.

"పేరు పెట్టి పిలువు," అన్నాడు.

పిలిచాను. అప్పుడు కళ్లు తెరిచి, నా మొహం కాసేపు చూసి, లేచి కిందికి వచ్చాడు. అవతలి ఒడ్డున ఆయన్ని పిలిచింది ఏమిటో నాకు ఈరోజుకీ తెలియదు. నాకున్న ఆ ఒక్క పిలుపూ దానికెలా తెలిసిందో అంతకన్నా తెలియదు.