మార్తమ్మగారికి రావలసిన పరిహారం

మా గుడివాడలో మార్తమ్మగారికి నష్టం చేసి, పరిహారం ఇవ్వకుండా తప్పించుకున్నవాడు ఇంతవరకు పుట్టలేదు. నష్టం అంటే ఇల్లు కాలడమో కాలు విరగడమో అనుకునేరు. ప్యాకెట్టులో ఒక్క బిస్కెట్ విరిగి ఉన్నా ఆవిడ లెక్కలో అది నష్టమే. దానికి కంపెనీకి మూడు పేజీల అర్జీ వెళ్తుంది. కంపెనీవాళ్ళు హడలిపోయి అట్టపెట్టెడు బిస్కెట్లు పంపుతారు. ఆవిడ వాటిని వీధిలో పిల్లలకి పంచేసి, తర్వాతి నష్టం కోసం చూస్తూ కూర్చుంటారు.

ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో జనం కంప్లైంట్లు విన్న మనిషి, రిటైరయ్యాక చెప్పడం మొదలుపెట్టారు. చెప్పేది ఆవిడ, టైపు చేసేది నేను. నా పేరు యుగంధర్. బస్టాండు దగ్గర నాకో డీటీపీ, జిరాక్సు షాపుంది. ఆవిడ నాకు చుట్టం కాదు. మతం వేరు, పేట వేరు. అయినా అత్తయ్యగారూ అని పిలుస్తాను. పిలవకపోతే దానికీ పరిహారం అడుగుతారని భయం.

ఒక ఆదివారం ఫిలిప్ పాస్టరుగారి ప్రసంగం ముప్పావుగంట సాగింది. ఆవిడ సన్నసెగ మీద పెట్టి వెళ్ళిన పప్పు ఈలోగా మాడి బొగ్గయింది. సోమవారం నేను షట్టరు ఎత్తేసరికి గుమ్మంలో ఉన్నారు.

"రాయి యుగంధరూ. విషయం: ప్రసంగము నిడివి వలన కలిగిన పప్పు నష్టము."

నేను కీబోర్డు పక్కకి నెట్టేశాను. "అత్తయ్యగారూ, దేవుడి మాటండీ!"

"దేవుడి మాట పావుగంట. మిగతా అరగంటా ఆయన సొంతం. రాయి."

సాయంత్రానికి పాస్టరుగారింటి నుంచి గిన్నెడు మామిడికాయ పప్పు వచ్చింది. ఉప్పు తక్కువైందని ఆవిడ రెండో అర్జీ పెట్టబోతే, కాళ్ళావేళ్ళా పడి ఆపాను.

ఇంకోసారి కరెంటు హెచ్చుతగ్గులకి ఆవిడ మిక్సీ కాలిపోయింది. అర్జీ పట్టుకుని ఇద్దరం కరెంటాఫీసుకి వెళ్ళాం. అక్కడ కొత్తగా చేరిన వీరాంజనేయులు అనే గుమాస్తా పరిహారం అన్న ఒక్క మాటే విన్నాడు. తలెత్తకుండా, "పరిహారాలు మోపిదేవి గుళ్ళో చేస్తారండీ. సర్పదోషానికి అక్కడ మంచి పేరు. మంగళవారం పొద్దున్నే వెళ్ళండి" అన్నాడు.

ఇక గొడవేనని నేను గుమ్మం వైపు జరిగాను. ఆవిడ మాత్రం తాపీగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "బాబూ, నా మిక్సీకి పట్టింది సర్పదోషం కాదు, మీ కరెంటు దోషం. పూజ మీరే చేయించాలి" అన్నారు. వారం తిరక్కుండా అతను మిక్సీ బాగు చేయించి, స్వయంగా ఆవిడింటికి మోసుకెళ్ళాడు. ఆనాటి నుంచి క్రిస్మస్ కేకు మొదటి ముక్క అతనిదే.

అలాంటి మనిషి 2022 జనవరిలో ఒకరోజు నా షాపుకి జుట్టు పొట్టిగా కత్తిరించుకుని వచ్చారు.

నేను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక నమ్మలేదు. మార్తమ్మగారి కొప్పంటే ఊళ్ళో గడియారస్తంభం లాంటిది. బిగించి, నున్నగా దువ్వి, ఒక్క వెంట్రుక బయటికి రాకుండా ఉండేది. అరవై మూడేళ్ళ మనిషికి ఆ కొప్పు స్థానంలో చెవుల దాకా జుట్టు.

"ఇదేంటండీ!" అని అరిచాను.

"ఎండలు."

"జనవరిలోనా?"

"వచ్చే ఎండలకి" అన్నారు.

ఇంతలో భుజం మీంచి శాలువా జారింది. కుడిచెయ్యి కదలలేదు. ఎడం చేత్తో నానా తంటాలూ పడి సర్దుకున్నారు.

"కుడిచెయ్యికేమైంది? ఏదీ, పైకెత్తండి."

"ఎందుకూ? నువ్వేమన్నా హాజరు పిలుస్తున్నావా?"

పట్టు పట్టి అడిగితే చివరికి చెప్పారు. సెప్టెంబర్లో కరోనా వ్యాక్సిన్ మొదటి డోసు వేయించుకున్నారు. ఆ రోజు పట్టుకున్న నొప్పి వదల్లేదు. మందు మంచిదే, సూది పడ్డ చోటే తప్పు అన్నారట డాక్టరుగారు. కండలోకి దిగాల్సింది కాస్త పైన, కీలు దగ్గర దిగిందట. భుజం బిగుసుకుపోయింది. పై అరలో ఉప్పు డబ్బా అందదు. చర్చిలో అందరూ రెండు చేతులెత్తి స్తుతిస్తే, ఈవిడ ఒక్కటే ఎత్తుతున్నారు.

వెంటనే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. "చెప్పండి. విషయం: భుజము నష్టము..."

"అక్కర్లేదు."

"అదేంటండీ!"

"పరిహారం అక్కర్లేదు. ఆ కంప్యూటరు మూసెయ్" అని లేచి వెళ్ళిపోయారు.

బిస్కెట్ ముక్కకి మూడు పేజీలు రాయించిన మనిషి, భుజానికి మూడు ముక్కలు రాయించరా? ఫోన్లో వెతికితే, కొన్ని దేశాల్లో వ్యాక్సిన్ సూది వల్ల భుజం పాడైతే ప్రభుత్వమే పరిహారం ఇస్తుందని కనబడింది. మన దగ్గర ఆ ఏర్పాటు ఉందో లేదో నాకు తెలీదు. లేకపోతే మాత్రం ఏం, ప్రసంగానికి పరిహారం ఉందనా ఆవిడ పప్పు రాబట్టారు?

ఆవిడ మీద అభిమానం కొద్దీ కొరివితో తల గోక్కున్నాను. ఆవిడకి చెప్పకుండా, ఆవిడ పేరుతో నాలుగు పేజీల అర్జీ రాశాను. ఏడో అంశంగా కొప్పు నష్టము కూడా చేర్చాను. ఆవిడ మొదటి డోసు సర్టిఫికెట్ ప్రింటు తీసి లామినేషన్ చేసింది నేనే. అందులో తేదీ, చోటు, సూది వేసినవాళ్ళ పేరు అన్నీ ఉన్నాయి. ఒక్కటీ వదలకుండా దించి, ఆరోగ్యశాఖకి ఆన్‌లైన్‌లో పంపించేశాను. ఆవిడ ఎంత మెచ్చుకుంటారో అని మురిసిపోయాను కూడా.

పదోరోజు ఉరుములేని పిడుగులా షాపులో పడ్డారు.

"నా పేరుతో అర్జీ పెట్టిందెవరు?"

"నేనేనండీ!" అన్నాను గర్వంగా.

"ఏడ్చినట్టుంది. జెస్సీకి మెమో ఇచ్చారు. అసలే కాంట్రాక్టు ఉద్యోగం, మార్చితో అయిపోతుంది. మెమో ఉన్నవాళ్ళని మళ్ళీ తీసుకుంటారా? ఆ పిల్ల జీతం మీద నలుగురు బతుకుతున్నారు."

"జెస్సీ ఎవరండీ?"

"నాకు సూదేసిన నర్సమ్మ. ఎవరు వేశారని డాక్టరడిగితే కళ్ళు మూసుకున్నానని చెప్పాను. నువ్వు మాత్రం ఇంటిపేరుతో సహా రాశావు. రేపు బందర్లో విచారణ. పొద్దున్నే బస్టాండుకి రా."

నేను దించిన పేరు వెనక ఒక మనిషి ఉంటుందని నాకు తట్టనే లేదు.

బందరు ఆఫీసులో విచారణాధికారి నాగభూషణరావుగారు. ఆవిడ అర్జీలతో ఆయనకి పాత పరిచయమే. ఆవిణ్ణి చూడగానే లేచి నిలబడ్డారు, గౌరవమో భయమో చెప్పలేను. ఒక మూల పాతికేళ్ళ అమ్మాయి, ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎర్రబడి, నిలబడి ఉంది.

"ఆ అర్జీ నాది కాదండీ, ఈ అబ్బాయిది" అన్నారు మార్తమ్మగారు. "ఆ సాగదీత చూస్తే తెలియట్లా?"

నాగభూషణరావుగారు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. "అంటే... మీకు పరిహారం వద్దా? ఒంట్లో బాగానే ఉంది కదండీ?"

"వద్దని ఎవరన్నారు? కావాలి" అని సంచిలోంచి ఒక కాగితం తీశారు. నా మీద కోపంతో నాచేత టైపు చేయించలేదు. ఎడం చేత్తో స్వయంగా రాశారు. ఆయన కూడబలుక్కుని పైకి చదివారు.

"విషయం: రెండు స్టూళ్ళు."

ఆయన కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశారు.

"స్టూళ్ళేంటండీ?"

"ఆవేళ క్యాంపులో ఉన్నది ఒకటే కుర్చీ. అందులో నేను కూర్చున్నాను. ఈ పిల్ల పొద్దున్నుంచీ నిలబడి మూడొందల మందికి వేసింది. నేను కింద, తను పైన. పైనుంచి పొడిస్తే సూది పైనే పడుతుంది. తనూ కూర్చుని వేస్తే కండకి ఎదురుగా ఉంటుందని డాక్టరుగారే చెప్పారు. తప్పు తన చేతిది కాదు. మెమో ఇవ్వాలంటే ఆ లేని కుర్చీకి ఇవ్వండి."

"మరి రెండెందుకండీ?"

"మీ శాఖ కొంటే ఒకటి విరుగుతుంది కదండీ."

అంతవరకు బిక్కచచ్చి నిలబడ్డ జెస్సీ ఒక్కసారిగా అందుకుంది. "సార్, రెండో డోసు కూడా అమ్మగారు నా దగ్గరే వేయించుకున్నారు సార్. నేను వేయలేనని ఏడిస్తే, ఇంటి నుంచి ఆటోలో స్టూలు తెచ్చి నన్ను కూర్చోబెట్టారు. ఎడం భుజం చూపించి, వెయ్యవే, నీ చెయ్యి భయపడితే రేపు ఇంకొకళ్ళకి నష్టం అన్నారు."

నాగభూషణరావుగారు మెమో వెనక్కి తీసుకుంటున్నట్టు రాసి, సంతకం చేసి, "స్టూళ్ళు విరగనివే పంపిస్తానండీ" అన్నారు.

మెట్లు దిగుతుంటే జెస్సీ నన్ను పక్కకి పిలిచింది.

"అన్నయ్యా, అర్జీలో కొప్పు సంగతి రాశారంట. అది సూది వల్ల పోలేదండీ, నా వల్ల పోయింది."

"నీ వల్లా?"

"అమ్మగారు చెయ్యి ఎత్తలేరు కదా. బంటుమిల్లి నుంచి మొదటి బస్సుకొచ్చి, డ్యూటీకి ముందు రోజూ నేనే దువ్వి కొప్పు వేసేదాన్ని. రావద్దని ఎంత చెప్పినా వినలేదు. ఒకరోజు వెళ్తే జుట్టు కత్తిరించేసుకుని కూర్చున్నారు. నీ నిద్ర నష్టం నేను కట్టుకోలేను, ఇక రాకు అన్నారు."

నాకు సిగ్గుతో భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఏ చెవుల దాకా జుట్టు చూసి నేను గోల చేశానో, ఆ జుట్టంటే నాకు ఒక్కసారిగా గౌరవం పుట్టుకొచ్చింది. ముందు నడుస్తున్న ఆవిడ వెనక్కి తిరిగి, బస్సు తప్పితే ఆ నష్టం ఎవరు కడతారని కేకేశారు.

మర్నాడు షాపుకొచ్చారు. "నా పేరు వాడుకున్నందుకు నువ్వు నాకు పరిహారం బాకీ."

"ఏమివ్వమంటారండీ?"

"గోడ."

గోడెందుకని అడిగాను. గోడకి ఎదురుగా నిలబడి, వేళ్ళతో మెట్లెక్కినట్టు చెయ్యి పైకి జరపాలట. రోజూ చేస్తే భుజం వదులవుతుందని డాక్టరుగారు నేర్పారు. ఇంట్లో అయితే ఆవిడ చెయ్యకుండానే చేశానంటున్నారని జెస్సీ కనిపెట్టింది. అందుకని సాక్షి ఉన్నచోటే చెయ్యాలని ఆర్డరేసింది.

అలా నేను సాక్షినయ్యాను. రోజూ పదకొండింటికి ఆవిడ వస్తారు. చేతివేళ్ళు నా గోడ మీద పీతలా పాకుతాయి. అందినచోట నేను పెన్సిలుతో గీత పెడతాను. మొదటి గీత స్విచ్‌బోర్డు పక్కన ఉంది. వేసవి వెళ్ళేసరికి క్యాలెండరు మేకు దాకా వచ్చింది. జిరాక్సు కోసం వచ్చినవాళ్ళు పని మానుకుని, "ఇంకొంచెం, ఇంకొంచెం" అని అరుస్తుంటారు. వారానికోసారి జెస్సీ వచ్చి గీతలు తనిఖీ చేస్తుంది. దొంగ గీత పెట్టానేమో అని నన్నే అనుమానంగా చూస్తుంది. ఆ పిల్ల కాంట్రాక్టు మళ్ళీ పొడిగించారు.

మొన్న షాపుకి కొత్తగా రంగు వేయించాను. రెండు రోజుల్లో గోడ నిండా ఆవిడ వేళ్ళ మరకలే. ఇన్నేళ్ళలో మొదటిసారి ధైర్యం చేసి అడిగాను.

"అత్తయ్యగారూ, మరి నా గోడ నష్టానికి పరిహారం?"

ఆవిడ వెనక్కి తిరగలేదు. పళ్ళ బిగువున వేళ్ళు ఇంకో అంగుళం పైకి జరిపారు.

"అర్జీ పెట్టుకో. పరిశీలిస్తాను."