తప్పు వైపు కోసిన గోడ

గ్యాస్ కట్టర్‌తో ఇనుము కోసినన్నాళ్ళూ రైల్వే షెడ్డులో అతన్ని అందరూ మంట అనేవారు. సగం పనిని బట్టి, సగం నోటిని బట్టి.

పాత ఆవిరి ఇంజన్ వెనక బొగ్గు, నీళ్ళు మోసిన టెండర్ ఒకటి ఇప్పుడు మ్యూజియంలో ఉంది. దాని బొగ్గుగోడ ఒక పక్క నిండుగా, ఇంకో పక్క సగానికి కోసి ఉంటుంది. చూసినవాళ్ళంతా తల గోక్కుంటారు. పక్కనున్న బోర్డు మాత్రం తడుముకోలేదు: ‘ఇంజన్ వెనక్కి నడిచేటప్పుడు ఫైర్‌మన్ దారి చూడటానికి చేసిన ప్రత్యేక ఏర్పాటు.’

శుద్ధ అబద్ధం. దారి చూడాల్సింది డ్రైవరు. ఆయన నిలబడేది ఎడమవైపు. ‘ఎడమ గోడ కొయ్’ అని ఫోర్‌మన్ చెబితే, మంట ఇంజన్‌కి వీపు పెట్టి, టెండర్‌కేసి తిరిగి, తన ఎడమచేతి వైపు కోసేశాడు. అది ఇంజన్‌కి కుడివైపు, అంటే ఫైర్‌మన్ వైపు. ఆర్నెల్లకు ఆ ఇంజన్ వెనక్కి వెళ్తూ ఆగి ఉన్న వ్యాగన్‌ను గుద్దింది. డ్రైవరుకు గోడ అడ్డం. ఫైర్‌మన్ వంగి బొగ్గు వేస్తున్నాడు. విచారణలో మంట ‘డ్రాయింగ్ ప్రకారమే కోశాను’ అని సంతకం పెట్టాడు. చూసి చెప్పలేదని ఫైర్‌మన్ ఉద్యోగం ఊడగొట్టారు. ఆ ఫైర్‌మన్ మంటకు సొంత అక్క మొగుడు.

ఇద్దరికీ ముప్పై ఏళ్ళు మాటల్లేవు. బోర్డు చదివిన రోజు బావ నేరుగా వచ్చి మంట గుమ్మంలో నిలబడ్డాడు.

"చెప్పులేసుకో. ఆ మ్యూజియం ఆఫీసరుకి నిజం చెబుదువుగాని."

"ఇప్పుడెందుకు బావా? ఉద్యోగం తిరిగిస్తారా?"

"ఆ గోడ ఫైర్‌మన్ కోసమే కోశారని నా మనవలు చదువుతార్రా ఆ బోర్డు మీద!"

మ్యూజియం ఆఫీసరు అంతా విని పాత ఫైలు తెరిచాడు. "ఇది మీ సంతకమే కదండీ?"

"నాదే. అప్పుడు అబద్ధం చెప్పాను."

"ఇప్పుడు చెప్పట్లేదని ఏంటి నమ్మకం?"

మంట బల్ల గుద్దాడు. "నోరు జాగ్రత్త!"

"అరవకు," అన్నాడు బావ. "ఈ గొంతు విచారణప్పుడు ఎక్కడ దాచావు?"

నిజం చెబితే గుండె బరువు దిగుతుందంటారు. మంట గుండె సంగతేమో గానీ, కాగితం మీద రాసి ఇచ్చాడు. వారానికి బోర్డు మారింది: ‘ఈ కోతకు కారణం తెలియరాలేదు.’

బావ రెండుసార్లు చదివాడు. "తెలియరాలేదట! కోసినవాడూ, కొట్టుకుపోయినవాడూ ఎదురుగా నిలబడి ఉంటే!"

"ఫైర్‌మన్ మాట తీసేశారుగా బావా..."

"తీశారు. నీ పేరు మాత్రం పెట్టలేదు. అదృష్టవంతుడివి."

అప్పట్నుంచి ప్రతి ఆదివారం మంట ఆ టెండర్ దగ్గరే ఉంటాడు. ఆగి చూసిన ప్రతివాణ్ణీ పట్టుకుని, "నేనే కోశాను, తప్పు వైపు. మా బావ తప్పేం లేదు," అని గదమాయించి మరీ చెబుతాడు. కొందరు జడిసి పక్కకు తప్పుకుంటారు. అక్క ఇంటి నుంచి పిలుపు మాత్రం ఇంకా రాలేదు.