మూత తీసిన సీసాలు

అబూ ధాబీలో నేను ఇంటిపని చేసిన జర్మన్ ఇంజనీరు ఇంట్లో ఒక గదికి ఏసీ ఆపేవారు కాదు. లోపల ఉన్నవి వైను సీసాలు. లేబర్ క్యాంపులో పదిమందిమి ఒకే ఫ్యాను కింద పడుకుని వచ్చిన నాకు అది చూస్తే ఒళ్లు మండేది.

వాళ్ల నాన్నకు జర్మనీలో మోజెల్ నది ఒడ్డున ద్రాక్షతోట ఉందని సాబ్ ఫోటో చూపించాడు. నిలబడితే జారిపోయే కొండవాలు, నల్లటి పలకరాళ్లు. ఆ చలికి కాయ పండడమే గగనమట. ఎల్బ్లింగ్ రకం పులుపు, రీస్లింగ్ ఆలస్యంగా పండి తేనె వాసన వేస్తుందట. మా పోతుతాడు, అంటే మగచెట్టు, కల్లు వేరు, కాయలు కాసే పండుతాడు కల్లు వేరు కదా, నాకు వెంటనే అర్థమైంది. మాది కల్లుగీత ఇల్లు.

ఆగస్టులో టెలిగ్రాం వచ్చింది. "బాబా ఖలాస్" అన్నాడు సాబ్, పెట్టె సర్దుకుంటూ. వాళ్ల నాన్న పోయాడు. వెళ్లేముందు ఆ గది చూపించాడు. ముప్పై ఆరు రీస్లింగ్ సీసాలు, వాళ్ల నాన్న చేత్తో చేసిన ఆఖరివి.

"దర్వాజా బంద్. ఏసీ చాలూ. సమజా?"

"జీ సాబ్" అన్నాను.

సాబ్ వెళ్లిన మూడోరోజు కరెంటు పోయింది. మర్నాటికీ రాలేదు. తలుపు తీస్తే గది పొయ్యిలా ఉంది. బిరడాలు గోరంత పైకి లేచాయి. ఒకదాని మూతి నుంచి జిగట కారుతోంది. పక్కింటి డ్రైవరు మా కరీంనగర్ వాడే, తొంగిచూసి అదిరిపోయాడు.

"అన్నా, గివి పేల్తయే! మూతలు తియ్యరాదె!"

ఎండపొద్దు కల్లు సీసాకు మూత బిగించి మా చిన్నాన్న ఒక కన్ను పోగొట్టుకున్నాడు. ఇక ఆలోచించలేదు. ముప్పై ఆరూ తీసి, మూతులకు తడిగుడ్డలు కట్టాను. సాబ్ సొత్తు కాపాడానని గర్వపడ్డాను కూడా.

కరెంటు వచ్చింది. వారం తిరక్కుండా గదిలో పుల్లటి వాసన మొదలైంది. రోజురోజుకీ పెరిగింది. తలుపు మూసినా వంటింటిదాకా వచ్చేది. అన్నం సహించేది కాదు. బయట కారు ఆగితే చాలు, సాబేనేమోనని కిటికీ దగ్గరికి పరిగెత్తేవాణ్ని.

సాబ్ వచ్చాడు. గుమ్మంలోనే వాసన పట్టాడు. ఏడుస్తూ జరిగింది చెప్పాను. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. ఒక్కో సీసా ఎత్తి, చుక్క నాలుక మీద వేసుకుని, పక్కన పెట్టాడు. ముప్పై ఆరూ చూశాడు.

"వేడి అంతగా పాడుచేసుండదు. గాలి తగిలే చెడింది" అన్నాడు విరిగిన హిందీలో. తర్వాత నేల మీద కూర్చుండిపోయాడు.

"బాబా ఖలాస్."

టెలిగ్రాం వచ్చిన రోజూ ఇదే మాట. ఆ రోజు చంపింది నేను కాదు.