నాలుగో కాలి కింద కాగితం

మావయ్య పోయాడు. మంగళవారం పొద్దున గోల్‌బజార్‌లో చేపలు కొని ఆటో ఎక్కబోతూ కూలిపోయాడట. నాకు తెలిసేసరికి మధ్యాహ్నం దాటింది. ఇండస్ట్రియల్ పార్క్‌లో మా షెడ్డుకి వెళ్లగానే ఫోన్లు లాక్కుని అరలో పెట్టి తాళం వేస్తారు. భోజనాల వేళ తీసి చూస్తే అత్త నుంచి పదకొండు కాల్స్. ఆ తాళం మీద నా కోపం ఇంకా తగ్గలేదు. తగ్గించుకునే ఓపిక కూడా లేదు.

మాకు రక్తసంబంధం ఏమీ లేదు. సుభాష్‌పల్లిలో ఆయనది మా పక్కిల్లు. రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. కూతుళ్లు లేకపోయినా నన్ను అల్లుడా అనేవాడు. "పిల్లనివ్వకుండా అల్లుణ్ని సంపాదించినోణ్ని నేనొక్కణ్నే" అని వీధంతా చెప్పుకునేవాడు.

ఆయన గురించి రాయాలంటే ముందు నా తప్పు రాయాలి.

నేను కాలేజీ చదవలేదు. గ్రైండింగ్ పనికి చేరి, వీడియోలు చూసి సిమ్యులేషన్ నేర్చుకున్నాను. ఇనుప ఫ్రేమ్‌ని కంప్యూటర్‌లో గీసి, దాని మీద బరువు పెట్టి, ఒత్తిడి ఎక్కడ పడుతుందో రంగుల్లో చూడటం. ఎరుపు ప్రమాదం, నీలం నిశ్చింత. కానీ ముందు దానికి ఒకటి చెప్పాలి: ఫ్రేమ్ ఎక్కడ ఆనింది, ఎటు కదలగలదు, ఎటు కదలలేదు. వీటినే బౌండరీ కండిషన్లు అంటారు. అవి చెప్పకపోతే వస్తువు గాల్లో తేలుతున్నట్టే లెక్క, బరువు పెట్టగానే ఎర్రర్. దానితో వారాల తరబడి చచ్చాను. చివరికి ఒక దారి దొరికింది. కాళ్లన్నీ ఫిక్స్ చేసెయ్యడం. కదలవు, తిరగవు, లేవవు. ఎర్రర్ పోయింది. ఇక ఏది నడిపినా నీలమే. షెడ్డువాళ్లు నన్ను గ్రైండింగ్ మాన్పించి ఆ లెక్కలకే కూర్చోబెట్టారు. ఇంజనీర్‌ని అయిపోయాననుకున్నాను.

పోయిన చలికాలం షెడ్డుకి ఒక స్టాండ్ పని వచ్చింది. నాలుగు కాళ్లది. దాని మీద బరువైన గేర్‌బాక్స్ ఉంచితే ఇద్దరు మనుషులు కింద కూర్చుని బోల్టులు విప్పుతారు. ఎప్పటిలాగే నాలుగు కాళ్లూ ఫిక్స్ చేశాను. నీలం వచ్చింది. మెచ్చుకుంటాడని ఆ బొమ్మ మావయ్యకు చూపించాను. అరుగు మీద కూర్చుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఫోన్‌ని ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు.

"కాళ్లకాడ ఈ గుర్తులేటిరా?"

"ఫిక్స్ చేసినాను మావయ్యా. కదలవు."

"నేలలోకి బోల్టులేసినారా?"

"లేదు. ఊరికే నిలబెడతారు."

"మరి కదలవని ఎవడు సెప్పినాడు? నువ్వా, నేలా?"

నాకు మండింది. "అందరూ ఇలాగే చేస్తారు."

"అందరూ ఎల్లి దాని కింద కూకుంటారేటి?" వెనక్కి తిరిగి తలుపు ఊపి చూపించాడు. "బందుకాడ సూడు. పక్కకి రాదు, తిరగతాది. అన్నీ బిగించేస్తే అది తలుపేటి, గోడవుద్ది. కాగితం పెట్టి సూసినావా?"

అది ఆయన అలవాటు. ఏ సామాను నిలబెట్టినా ప్రతి కాలి కిందా కాగితం ముక్క దూర్చి చూసేవాడు. దూరిందంటే ఆ కాలు ఏమీ మోయడం లేదన్నమాట. స్టూలుకీ అంతే, బీరువాకీ అంతే. చొక్కా జేబులో ఎప్పుడూ చింపిన కేలండర్ ముక్కలు. అత్త దెప్పేది: "మా పెళ్లినాడు పీట కింద కూడా దూర్సినాడు. పంతులు లెగిసిపోబోయినాడు."

ఆయన నోరు మూయించాలనే మర్నాడు, అప్పటికే తయారై ఉన్న స్టాండ్ మీద సగం బరువు ఎక్కించి కాగితం తీశాను. మూడు కాళ్ల కింద దూరలేదు. నాలుగో కాలి కింద మొత్తం దూరిపోయింది.

మళ్లీ లెక్క వేశాను. ఈసారి కాళ్లు నేలను నొక్కగలవు, లేవనూ గలవు. జారిపోకుండా ఒక్క మూల మాత్రం పట్టుకున్నాను. నాలుగో కాలి కింద సందు ఉంచాను. బరువంతా ఎదురెదురు మూలల్లోని రెండు కాళ్ల మీద పడి, అడ్డకమ్మీ మెలితిరిగి, వెల్డింగ్ దగ్గర ఎర్రగా వచ్చింది. ఆ వెల్డింగ్ కిందే వాళ్లిద్దరూ కూర్చునేది.

మేనేజర్‌ని మేమంతా అన్నా అన్నట్టు దాదా అంటాం. ఆయన కుర్చీలోంచి లేవలేదు. "పురానా వాలా భేజ్ దో. గాడీ ఖడీ హై." పాత లెక్కతోనే పంపెయ్, బండి ఆగి ఉంది అని.

"దాదా, మీరు కూర్చుంటారా దాని కింద?"

గ్రైండింగ్‌వాడివి గ్రైండింగ్‌వాడిలా ఉండమన్నాడు. ఆ పాత లెక్క మీద నేను సంతకం పెట్టలేదు. లారీ ఖాళీగా వెళ్లింది. కాళ్లకు ఎత్తు సరిచేసే స్క్రూలు, అడ్డంగా ఇంకో కమ్మీ పడ్డాకే ఆ స్టాండ్ గేటు దాటింది. నన్ను మాత్రం తిరిగి గ్రైండింగ్‌లో పడేశారు.

"నీ కాగితం వల్లే" అని మావయ్య మీద అరిచాను.

"కింద కూకున్నోళ్లిద్దరూ సాయంత్రం ఇంటికెల్లతారా?"

"వెళ్తారు."

"మరింకేటి? టీ తాగు."

తాగలేదు. వారం రోజులు ఆ అరుగు వైపు చూడలేదు. ఆ తర్వాత మాట్లాడుకున్నాం గానీ, నువ్వు చెప్పిందే సరైందని మాత్రం ఒక్కసారీ అనలేదు. అనడానికి బోలెడు టైముందనుకున్నాను.

మంగళవారం నేను ఇల్లు చేరేసరికి ఆయన్ని అరుగు మీద ఐసుపెట్టెలో ఉంచారు. ఆ పెట్టె ఇనుప స్టాండ్ మీద ఉంది. నాలుగు కాళ్లు. గచ్చు ఎగుడుదిగుడు. ఎవరైనా మీద చెయ్యి వేస్తే చాలు, ఊగి అద్దం టకటకమంటోంది. అలా అన్నప్పుడల్లా అత్త ఉలిక్కిపడుతోంది. వచ్చినవాళ్లు దండం పెట్టి పోతున్నారు. ఎవరికీ పట్టలేదు.

మోకాళ్ల మీద కూర్చుని జేబులు తడుముకున్నాను. కాగితం లేదు. అత్త నన్ను చూసింది. లోపలికి వెళ్లి, కొక్కేనికున్న ఆయన చొక్కా జేబులోంచి కేలండర్ ముక్క తెచ్చింది.

"సూడు. మీ మావకి ఊగడం పడదు."

మూడు కాళ్ల కింద దూరలేదు. నాలుగోదాని కింద దూరింది. ఆయన పనిముట్ల పెట్టెలోంచి రేకు ముక్క తెచ్చి, దాని మీద ఆ కాగితం పెట్టి, రెండూ కలిపి ఆ కాలి కిందికి కొట్టాను. కాగితం అంచు పట్టుకుని లాగి చూశాను. రాలేదు. ఆ తర్వాత పెట్టె ఊగలేదు.

మర్నాడు పొద్దున ఆయన్ని తీసుకుపోయారు. పెట్టెవాళ్లు వచ్చి స్టాండ్ ఎత్తుకెళ్లారు. అరుగు మీద రేకు, దాని మీద కాగితం మిగిలాయి. కాగితం మీద గుండ్రంగా కాలి అచ్చు. అత్త చీపురుతో అక్కడిదాకా వచ్చి, ఆగి, దాని చుట్టూ ఊడ్చింది.