బొంగురుపోయిన చక్రం

ఎనభై రెండులో గల్ఫులోని ముసఫ్ఫా గ్యారేజీలో లింబాద్రి పని, తుప్పు పట్టిన చక్రాలు గీకి రంగెయ్యడం. గీకిన ప్రతి చక్రాన్నీ సుత్తితో కొట్టి, చెవొగ్గి వినేవాడు. ఊళ్లో వాళ్ల నాయిన కొలిమి దగ్గర ఎడ్లబండి ఇనుప పట్టాలను అలాగే వినేవాడు. ముదీరుకు, అంటే గ్యారేజీ మేనేజరుకు, మాత్రం రంగు మెరిస్తే చాలు.

ఆ రోజు పనివాళ్ల క్యాంపు బస్సు చక్రం బొంగురుగా మోగింది.

"యల్లా, జల్దీ రంగెయ్!" అన్నాడు ముదీర్.

"పగిలింది సాబ్. నలభై మంది ఎక్కే బస్సు."

"వెయ్యకుంటే ఖలాస్, ఇంటికి పో!"

లింబాద్రి చక్రానికి కిరోసిన్ పూసి, తుడిచి, సుద్దపొడి చల్లాడు. బోల్టు రంధ్రం పక్కన, పగుల్లో ఇంకిన కిరోసిన్ వెంట్రుకంత తడిగీతగా తేలింది. ముదీర్ చక్రాన్ని తానే పక్కకు దొర్లించాడు.

తర్వాతి చక్రం ఖంగుమంది. "ఇగ బండికెక్కియ్ బిడ్డా" అన్న నాయిన గొంతు, ఆయన పోయిన ఆరేళ్లకు, లింబాద్రికి మళ్లీ వినిపించింది.