చెప్పకుండా విరిగిన లోహం

ఏడో తరగతితో బడి మానేసి, నలభై ఏళ్లు లేత్ మిషన్ మీద బతికినవాణ్ని నేను. ఇనుము విరిగేముందు వంగుతుందని, మూలుగుతుందని నా చెవులకు తెలుసు. రెండేళ్ల క్రితం నానక్‌రామ్‌గూడలోని ఒక ల్యాబులో మిషన్లు చూసుకునే పనికి కుదిరాను.

అక్కడ ఒకరోజు శిరీష అనే ఇంజనీరమ్మ, కరిగిన లోహాన్ని క్షణంలో చల్లార్చి తయారుచేసిన శనగగింజంత 'లోహపు గాజు'ను మిషన్లో పెట్టి పొద్దున్నుంచి నొక్కుతోంది, వదులుతోంది. వేల నొక్కులైనా అది ఉలకలేదు, పలకలేదు. లోపలి చప్పుడు విందామని ముందున్న అడ్డుపలక తీసి చెవి ఆనించబోయాను.

"తాతగారూ, ఇవతలికి రండి! అది చెప్పి విరగదు!" అంటూ శిరీష నా చొక్కా గల్లా పట్టి లాగింది.

"ఏందమ్మా, గల్లా పడ్తవా? నీ వయసుకు డబుల్ నా సర్వీసు!" అని మండిపడ్డాను.

అంతలో ఫట్‌మని మెరిసి పేలింది ముక్క. అప్పటిదాకా నా తల ఉన్నచోటికి సూటిగా, వెనక గోడ మీది క్యాలెండరుకు చిల్లు పడింది.

ముక్క పేలాక కూడా శిరీష నా గల్లా వదల్లేదు. నేనూ వదలమనలేదు.

అడ్డుపలక మళ్లీ ఎన్నడూ తీయలేదు. ఆ లోహం మీద మాత్రం ఇప్పటికీ కోపమే. అన్ని దెబ్బలు ఓర్చుకున్నది, పోయేముందు ఒక్కసారి మూలగొద్దా?

- మల్లయ్య, లింగంపల్లి