వండూర్ షెడ్డులో వినిపించిన పిలుపు

దెయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వెళ్ళిపోయే రకం. పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. పాత జైలు గోడల దగ్గర ఏడుపులు వినపడతాయని, పక్క దీవి శిథిలాల్లో దీపాలు కనపడతాయని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. ఒక్కటీ నమ్మలేదు. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది మాత్రం జరిగినట్టు చెప్తాను.

మాది పోర్ట్ బ్లెయిర్‌లోనే డిగ్నాబాద్. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. నేను ప్రభుత్వ కార్యాలయంలో ఇంజినీరుని. నా భార్య జ్యోతి మా మేనత్త కూతురే, బళ్ళో తెలుగు టీచరు. ఇంట్లో నన్ను "బావా" అంటుంది. బయటివాళ్ళు ఉంటే ఎప్పుడూ "ఏమండీ" అనే పిలుస్తుంది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఈ అలవాటు తప్పలేదు.

ఏళ్ళ తరబడి గట్టిగా పాఠాలు చెప్పీ చెప్పీ ఆమె గొంతు దెబ్బతింది. లోపల చిన్న కాయలాంటిది లేచిందన్నారు. ఆపరేషన్ చేసి తీసేశారు. డాక్టర్లు తాము చెప్పేవరకు ఒక్క మాట కూడా మాట్లాడకూడదని, గుసగుసలు కూడా పనికిరావని గట్టిగా చెప్పి పంపారు. పాత గొంతు మళ్ళీ వస్తుందా అని అడిగితే, చూద్దాం అన్నారు.

ఇల్లంతా నిశ్శబ్దం అయిపోయింది. ఏదైనా చెప్పాలంటే ఫోన్‌లో టైపు చేసి చూపించేది. తెలుగు టీచరు కదా, కోపంలో కూడా కామాలు, ఫుల్‌స్టాపులు సరిగ్గా పెట్టేది.

నాకు చెక్కపని పిచ్చి. ఇంటి వెనక రేకుల షెడ్డులో స్టూళ్ళు, అలమరలు చేస్తుంటాను. మా పడౌక్ చెక్క చూడ్డానికి ఎర్రగా అందంగా ఉంటుంది గానీ, చేత్తో చిత్రిక పట్టాలంటే భుజాలు పడిపోతాయి. ఆ పనికి ప్లేనర్ మెషిన్ ఒకటి కొనాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. జ్యోతికి గొంతు బాగాలేకపోయాక ఆ తొందర ఇంకా ఎక్కువైంది.

కొత్తది కొనాలంటే చెన్నై నుంచి ఓడలో రావాలి. తేలికగా ఉంటుంది, చెక్క పెట్టే బల్ల పల్చటి అల్యూమినియం. పాడైతే ఇక్కడ బాగుచేసేవాళ్ళు లేరు, ప్రతి విడిభాగానికీ మళ్ళీ ఓడ కోసం చూడాలి. పాతది ఒకటి సముద్రం ఒడ్డునున్న వండూర్‌లో అమ్మకానికి ఉందని తెలిసింది. పోత ఇనుముది. అలాంటి బరువైన బల్ల వణకదు, చెక్క అద్దంలా వస్తుంది. నా మనసు దాని మీదే ఉంది.

జ్యోతి కొత్తదే కొనమంది. ఉప్పుగాలిలో అన్నేళ్ళు ఉన్న ఇనుము లోపల ఎలా ఉందో ఎవరికి తెలుసని టైపు చేసింది. నేను వాదించాను. వాదనలో నోరు జారాను. నువ్వు ఉద్యోగం మానాల్సి వస్తే ఈ పని మనకు ఆసరా అవుతుంది, అందుకే మంచి మెషిన్ కావాలంటున్నాను అన్నాను.

 ఆమె టైపు చేసి ఫోన్ నా ముందు పెట్టింది. "నా గొంతు రాదని నువ్వే తేల్చేశావా?"



ఆ ఆదివారం పొద్దున్నే స్కూటర్ మీద వండూర్ వెళ్ళాం. తను రానంటుందనుకున్నాను, వచ్చింది. కానీ ఆ ఇంటి దగ్గర దిగాక లోపలికి రాలేదు. రోడ్డు పక్కనే స్కూటర్‌కు ఆనుకుని నిలబడింది. షెడ్డుకీ రోడ్డుకీ మధ్య పెద్ద పోకతోట ఉంది.

మెషిన్ ఆ ఇంటి పైడమ్మగారి భర్తది. ఆయన ఫర్నిచర్ చేసేవాడు. కంటిచూపు తగ్గి పని మానేశాడు, ఆపరేషన్‌కు విశాఖపట్నం వెళ్ళాడు. ఇంట్లో పైడమ్మగారు ఒక్కతే ఉంది. షెడ్డు తాళం తీసి, చూసుకోమని చెప్పి వెనక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ మెషిన్‌లో గుండ్రటి ఇనుప దిమ్మ తిరుగుతుంది. దానికి బ్లేడ్లు బోల్టులతో బిగించి ఉంటాయి. నేను ఒక్కో బోల్టుకూ స్పానర్ వేసి చూశాను. అన్నీ బిగుతుగానే ఉన్నాయి. దిమ్మను చేత్తో తిప్పి చూశాను. ఎక్కడా పట్టెయ్యలేదు. అప్పుడే స్విచ్ వేశాను.

రేకుల షెడ్డు కదా, ఆ మోతకు చెవులు దద్దరిల్లాయి. పక్కన నిలబడి అరిచినా వినపడని మోత. పడౌక్ ముక్క ఒకటి బల్ల మీద పెట్టి, రెండు చేతులూ దాని మీద ఆనించి ముందుకు వంగాను.

"బావా! ఇలా రా."

జ్యోతి గొంతు. మోతలోంచి వచ్చినట్టు కాదు, అసలు మోతే లేనట్టు వినపడింది. నా వెనక గుమ్మంలోంచి వచ్చింది. చివరి బెంచీదాకా వెళ్ళే, తరగతిలో పాఠం చెప్పే ఆమె పాత గొంతు.

నాకు భయం వేయలేదు. మాట్లాడకూడదు కదా, ఎందుకు నోరు తెరిచింది అన్న కంగారు ఒక్కటే కలిగింది. గొంతులో గాయం ఏమైపోతుందోనని చెక్క వదిలేసి గుమ్మం వైపు పరిగెత్తాను.

గుమ్మంలో ఎవరూ లేరు. పోకచెట్ల సందుల్లోంచి జ్యోతి కనిపిస్తోంది. ఇందాక వదిలిన చోటే, అటు తిరిగి నిలబడి ఉంది.

సరిగ్గా అప్పుడు నా వెనక తుపాకీ పేలినట్టు చప్పుడైంది. మెషిన్ మొత్తం గడగడా ఊగిపోతోంది. మెయిన్ స్విచ్ గుమ్మం పక్కనే ఉంటే లాగి ఆపేశాను. లోపలికి చూస్తే, నేను నిలబడ్డ చోటికి వెనకాల ఉన్న గుంజలో బ్లేడు దిగబడి ఉంది. నా గుండె ఎత్తులో.

పైడమ్మగారు తడిచేతులతో పరిగెత్తుకొచ్చింది.

"ఏటైనాది బాబూ? దెబ్బ తగిలిందా? మీ ఆవిడ అంత గట్టిగా బావా అని పిలిసినప్పుడే నాకు గుండె గుభేలుమంది."

 మా ఆవిడకు గొంతు ఆపరేషన్ అయిందని, ఇప్పుడు మాట్లాడకూడదని చెప్పాను. ఆమె నమ్మలేదు.

"అదేటి బాబూ? నేనిన్నాను కదా. సాఫ్ సాఫ్ ఇన్నాను."

అప్పటికి జ్యోతి చప్పుడు విని తోటలోంచి పరిగెత్తి వచ్చింది. గుంజలో బ్లేడు చూసి నా చొక్కా గట్టిగా పట్టుకుంది. పిలిచావా అని అడిగాను. అడ్డంగా తల ఊపింది. పైడమ్మగారు మళ్ళీ అదే మాట అనేసరికి, ఫోన్ తీసి ఇద్దరికీ చూపించింది. "నేను నోరు తెరవలేదు. అమ్మ మీద ఒట్టు."

తర్వాత తెగిన బోల్టు వెతికి చూశాను. తల గట్టిగానే ఉంది. లోపల మెడ దగ్గర పాత బీట, సగానికి పైగా తుప్పు. పైనుంచి ఎవరు చూసినా తెలిసేది కాదు.

ఇక పిలుపు సంగతి. ఇంజినీరు బుద్ధి కదా, అన్నీ ఆలోచించాను. భయంతో నేనే ఊహించుకున్నానా? కానీ నాకు అప్పటికి భయపడే కారణమే లేదు. పైగా పైడమ్మగారు కూడా విన్నది. జ్యోతి మాట్లాడకూడదని అప్పటిదాకా ఆమెకు తెలియదు, నన్ను బావా అంటుందని అంతకన్నా తెలియదు. చుట్టుపక్కల వేరే తెలుగువాళ్ళ ఇళ్ళు లేవు. మాటలు నేర్చిన మైనా ఎవరైనా పెంచుతున్నారేమోనని కూడా అడిగాను. లేదన్నారు. ఆ షెడ్డులో ఎవరైనా చనిపోయారా అని అడగడానికి సిగ్గేసింది, అయినా అడిగాను. ఎవరూ చనిపోలేదు.

ఆ కట్టర్ దిమ్మ మార్చకుండా ఎవరికీ అమ్మవద్దని పైడమ్మగారికి మరీ మరీ చెప్పాను. ఆమె భర్త తిరిగొచ్చాక ఫోన్ చేశాడు. ఎన్నో ఏళ్ళు దాని మీద పని చేశానని, ఎవరూ ఎప్పుడూ పిలవలేదని అన్నాడు. దిమ్మను మాత్రం విప్పించి పాతిపెట్టేశాడట.

మేం కొత్తదే కొన్నాం. ఓడలో వచ్చింది. బల్ల కాస్త వణుకుతుంది, నేను సర్దుకున్నాను.

జ్యోతి గొంతు కూడా వచ్చింది. కొంచెం బొంగురుగా, కింది స్థాయిలో ఉంటుంది. చిన్న మైకు పెట్టుకుని బడికి వెళ్తోంది. మాట్లాడొచ్చని డాక్టరు చెప్పిన కొన్నాళ్ళకు ఒక సాయంత్రం నేనే అడిగాను. ఆ రోజు మనసులోనైనా నన్ను పిలిచావా అని.



"లేదు బావా. ఆ టైములో నీ మీద కోపంగా ఉన్నాను. నీ గురించి ఆలోచించడం కూడా ఇష్టం లేక రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. నేను పిలిచానని చెప్పుకుంటే నాకూ బాగానే ఉంటుంది. కానీ నేను పిలవలేదు."

అబద్ధం చెప్పాల్సిన అవసరం ఆమెకు లేదు. నాకూ లేదు. మరి ఆ గొంతు ఎవరిదో, ఎక్కడి నుంచి వచ్చిందో ఈ రోజుకీ నాకు తెలియదు.

కొత్త మెషిన్‌తో పాటు మోత వినపడకుండా చెవులకు పెట్టుకునేవి కూడా ఇచ్చారు. పెట్టుకోకపోతే వినికిడి పోతుందని జ్యోతి రోజూ పోరుతుంది. నిజమే. రెండు చెవులూ మూసుకుని ఆ మెషిన్ ముందు నిలబడడం మాత్రం నా వల్ల కావడం లేదు.